కాయిల్ లాంచర్‌లో కడ్డీ వేగం ఎంత? జమాఖర్చు రాసి తేల్చుకుందాం

మా పిన్ని కొడుకు బీటెక్ రెండో సంవత్సరం. దసరా సెలవులకి ఇంటికొచ్చినప్పుడు మినీ ప్రాజెక్ట్ రిపోర్టు తీసి చూపించాడు. రాగి తీగ చుట్టిన కాయిల్‌లోకి కెపాసిటర్ నుంచి ఒక్కసారిగా కరెంటు వదిలితే చిన్న ఇనుప కడ్డీ ముందుకు దూకుతుంది కదా, ఆ లాంచర్. మొదటి పేజీలోనే కడ్డీ వేగం సెకనుకు 21 మీటర్లు అని రాసి ఉంది. ఎలా వచ్చిందిరా అంటే, "కెపాసిటర్‌లో ఉన్న శక్తి అంతా కడ్డీకి పోతే అంతే కదన్నా" అన్నాడు. అంతా పోతే అంతే, నిజమే. కానీ అంతా పోదు. పోయేది నూటికి ఒకటో రెండో వంతులు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని స్ప్రెడ్‌షీట్‌లో మోడల్ కట్టాం, మర్నాడు నేల మీద కార్బన్ పేపర్ పరిచి కొలిచాం. ఆ పని మొత్తం ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇంటర్నెట్‌లో ఈ లాంచర్ల గురించి దొరికే లెక్కల్లో చాలావరకు "సామర్థ్యం ఇంత అనుకుందాం" అని ఒక అంకె వేసుకుని వేగం చెప్పేస్తారు. అనుకున్న అంకె నుంచి వచ్చేది కూడా అనుకున్న అంకే. సామర్థ్యం, అంటే పెట్టిన శక్తిలో కడ్డీకి చేరే వంతు, మనం లోపల పెట్టేది కాదు, మోడల్ నుంచి బయటికి రావాల్సింది.

ముందు మా దగ్గరున్న సామాను. కెపాసిటర్ 1000 మైక్రోఫారడ్లు, 63 వోల్టులది, దాన్ని 50 వోల్టుల వరకే ఛార్జ్ చేశాం. కాయిల్ 0.8 మిల్లీమీటర్ల ఎనామెల్ రాగి తీగతో 175 చుట్లు, పొడవు 25 మిల్లీమీటర్లు. లోపల ప్లాస్టిక్ గొట్టం. కడ్డీ మెత్తని ఇనుముది, 6 మిల్లీమీటర్ల వ్యాసం, 25 మిల్లీమీటర్ల పొడవు, బరువు 5.56 గ్రాములు. కాయిల్, వైర్లు, కెపాసిటర్ లోపలి నిరోధం అన్నీ కలిపి 0.4 ఓమ్. కాయిల్‌కి అడ్డంగా ఒక డయోడ్ (కరెంటుని ఒక వైపుకే పోనిచ్చే భాగం) పెట్టాం, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ తిరగబడి ఛార్జ్ అయితే పాడైపోతుంది కాబట్టి అది తప్పనిసరి.

వోల్టేజ్ విషయంలో ఒక మాట గట్టిగా చెప్తాను. పాత కెమెరా ఫ్లాష్‌ల నుంచి పీకిన 300 వోల్టుల కెపాసిటర్లతో ఈ పని మొదలుపెట్టకండి. చేయి తగిలితే గుండెకి ప్రమాదం. మోడల్ సరిగ్గా ఉందా లేదా తెలుసుకోడానికి 50 వోల్టులు చాలు. ఛార్జ్ మిగిలి ఉంటుంది, పని అయ్యాక రెసిస్టర్ పెట్టి ఖాళీ చేసి, మీటర్‌తో చూసుకున్నాకే ముట్టుకోండి. గొట్టం ఎదురుగా మనుషులు ఉండకూడదు, ఎంత చిన్న వేగమైనా సరే.

ఇప్పుడు ఆ 21 ఎక్కడిదో చూద్దాం. కెపాసిటర్‌లో నిలవున్న శక్తి అంటే సగం × కెపాసిటెన్స్ × వోల్టేజ్ వర్గం, అది 1.25 జౌళ్లు. దీన్ని మొత్తం గతిజశక్తి అనుకుని 5.56 గ్రాములకి వేగం తీస్తే సెకనుకు 21.2 మీటర్లు. లెక్కలో తప్పు లేదు, అది పైకప్పు. ఏ దారిలో వెళ్లినా దానికి మించి రాదు. పైకప్పు ఎత్తు తెలియడం మంచిదే, కానీ మనం ఎక్కడ నిలబడ్డామో అది చెప్పదు.

కడ్డీని లాగేది ఏమిటి?

కాయిల్‌కి ఇండక్టెన్స్ ఉంటుంది, తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ప్రేరకత్వం. కడ్డీ బయట ఉన్నప్పుడు అది తక్కువ, మధ్యకి వచ్చినప్పుడు ఎక్కువ. మా కాయిల్‌కి ఖాళీగా ఉంటే 170 మైక్రోహెన్రీలు, కడ్డీ నడిమధ్యన ఉంటే 390. కడ్డీ ఒక్కో మిల్లీమీటర్ లోపలికి జరిగేకొద్దీ ఈ అంకె ఎంత పెరుగుతోందో, దాన్ని నేను వాలు అని పిలుస్తాను. లాగే బలం ఇలా ఉంటుంది:

బలం = సగం × కరెంట్ వర్గం × వాలు

ఈ ఒక్క సూత్రమే మొత్తం యంత్రం. కడ్డీ సరిగ్గా మధ్యలో ఉంటే వాలు సున్నా, కాబట్టి ఎంత కరెంటు పోసినా బలం సున్నా. మధ్య దాటిపోతే వాలు గుర్తు మారుతుంది, అదే కాయిల్ కడ్డీని వెనక్కి గుంజుతుంది. అందుకే కడ్డీ మధ్యకి చేరేలోపు కరెంటు ఆగిపోవాలి. మా దగ్గర కరెంటు రెండు మూడు మిల్లీసెకన్లలో అయిపోతుంది, ఆలోపు కడ్డీ నాలుగైదు మిల్లీమీటర్లు మాత్రమే కదులుతుంది, కాబట్టి వెనక్కి గుంజే బాధ లేదు. పెద్ద కెపాసిటర్ పెడితే ఆ బాధ కచ్చితంగా వస్తుంది. పదివేల మైక్రోఫారడ్లు పెట్టి వేగం పెరగలేదేంటి అనుకునేవాళ్లు ముందు చూడాల్సింది అక్కడే.

వాలు కొలవడం

ఇది ఈ పనిలో అన్నిటికన్నా ఓపిక కావాల్సిన భాగం, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం కూడా. కడ్డీ వెనకాల ఒక వెదురు పుల్ల ఫెవిక్విక్‌తో అతికించాం. పుల్ల పక్కన స్కేలు టేపుతో అంటించాం. ఎల్‌సీఆర్ మీటర్ (ఇండక్టెన్స్ కొలిచే మీటర్) పిన్నులు కాయిల్ కొసలకి పెట్టి, కడ్డీని 2 మిల్లీమీటర్ల చొప్పున లోపలికి తోస్తూ, ప్రతిచోటా అంకె స్థిరపడేదాకా ఆగి రాసుకున్నాం. ఒకరు తోయాలి, ఒకరు రాయాలి. కడ్డీ బయట ఉన్నప్పుడు అంకెలు 171, 173, 178 అని నెమ్మదిగా మొదలై, కడ్డీ ముక్కు కాయిల్ లోపలికి దిగాక గబగబా ఎక్కి, మధ్య దగ్గర 388, 390, 390 అని చదునైపోతాయి. గ్రాఫ్ గీస్తే కొండలా వస్తుంది. ఆ కొండ ఎక్కడ నిటారుగా ఉందో అక్కడ కడ్డీని నిలబెట్టి కరెంటు వదలాలి. మాకు అది మధ్య నుంచి 15 మిల్లీమీటర్లు వెనక్కి. అక్కడ ఇండక్టెన్స్ 280 మైక్రోహెన్రీలు, వాలు మిల్లీమీటర్‌కి 11.5 మైక్రోహెన్రీలు.

మీటర్‌లో 100 హెర్ట్జ్, 1 కిలోహెర్ట్జ్ రెండూ ఉంటే రెండింటిలోనూ కొలవండి. ఒకే ముక్కగా ఉన్న ఇనుప కడ్డీలో ఎడ్డీ కరెంట్లు (లోహం లోపలే సుడుల్లా తిరిగే కరెంట్లు) పుట్టి అయస్కాంత క్షేత్రాన్ని లోపలికి రానివ్వవు, ఫ్రీక్వెన్సీ పెరిగితే అది ఇంకా ఎక్కువ. రెండు కొలతల మధ్య తేడా పెద్దగా ఉంటే, మీ కడ్డీ లోపల కొంత శక్తి వేడిగా పోబోతోందని ముందే తెలిసిపోతుంది. ఎల్‌సీఆర్ మీటర్ లేనివాళ్లు తెలిసిన కెపాసిటర్‌తో కలిపి అనునాద ఫ్రీక్వెన్సీ చూసి ఇండక్టెన్స్ లెక్కకట్టొచ్చు, కాకపోతే ప్రతి స్థానంలోనూ మళ్లీ మళ్లీ చేయాలి. కెపాసిటర్‌ని కూడా కొలవండి. ఎలక్ట్రోలిటిక్ వాటి మీద రాసిన విలువకి 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే, శక్తిలో కూడా అంతే తేడా వస్తుంది.

కొలిచిన పట్టికని అలాగే వాడుకోవచ్చు, లేదా ఒక సాఫీ వక్రానికి అమర్చుకోవచ్చు. మేము కొసైన్ వక్రం తీసుకున్నాం: మధ్య నుంచి 30 మిల్లీమీటర్ల దూరంలో సున్నా పెరుగుదల, మధ్యలో 220 మైక్రోహెన్రీల పెరుగుదల. పట్టిక అంకెల్ని నేరుగా తీసేసుకుంటే కొలతలోని చిన్న చిన్న వణుకులు వాలులో పెద్ద పెద్ద గంతులై కూర్చుంటాయి, అందుకే వక్రం మేలు.

యూనిట్లు ఇక్కడే తప్పుతాయి. మిల్లీమీటర్‌కి 11.5 మైక్రోహెన్రీలంటే మీటర్‌కి 0.0115 హెన్రీలు. తమ్ముడు మొదట మైక్రోని మార్చి మిల్లీని మార్చలేదు, బలం వెయ్యో వంతు వచ్చింది, కడ్డీ కదలనే లేదు. ఫార్ములా తప్పేమోనని గంటసేపు వెతికాం.

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో వరుస

ఒక్కో వరుస అంటే 5 మైక్రోసెకన్లు. వెయ్యి వరుసలైతే 5 మిల్లీసెకన్లు, మాకు సరిపోయింది. కాలమ్‌లు ఇవి: సమయం, కెపాసిటర్ వోల్టేజ్, కరెంట్, కడ్డీ స్థానం, వేగం, ఇండక్టెన్స్, వాలు, బలం, అప్పటిదాకా పోయిన వేడి. మొదటి వరుసలో వోల్టేజ్ 50, స్థానం మైనస్ 15 మిల్లీమీటర్లు, కరెంటూ వేగమూ సున్నా.

తర్వాతి ప్రతి వరుసకీ పని ఇలా సాగుతుంది. ముందు కడ్డీ ఉన్న స్థానాన్నిబట్టి ఇండక్టెన్స్, వాలు తీసుకోవాలి. ఆ తర్వాత

కరెంట్ పెరుగుదల = (వోల్టేజ్ − కరెంట్ × నిరోధం − కరెంట్ × వాలు × వేగం) ÷ ఇండక్టెన్స్ × కాలవ్యవధి

కొత్త కరెంటుతో కెపాసిటర్ ఎంత ఖాళీ అయిందో తీసేయాలి, అంటే కరెంట్ × కాలవ్యవధి ÷ కెపాసిటెన్స్. అదే కొత్త కరెంటుతో బలం కట్టాలి, బలాన్ని ద్రవ్యరాశితో భాగించి వేగానికి కలపాలి, చివరికి ఆ కొత్త వేగంతోనే స్థానాన్ని జరపాలి. పాత వేగంతో స్థానం జరిపితే తప్పు కొంచెం కొంచెంగా పేరుకుంటుంది, కొత్త వేగంతో జరిపితే చాలా తక్కువ. వోల్టేజ్ సున్నాకి వచ్చాక డయోడ్ దారి తెరుచుకుంటుంది, అప్పట్నుంచి వోల్టేజ్‌ని మైనస్ 1 దగ్గర కట్టేయండి. కరెంట్ సున్నాకి వచ్చాక అక్కడే ఆపేయండి, కిందికి పోనివ్వకండి.

మొదటి అడుగు చేత్తో చేసి చూడండి: 50 ని 280 మైక్రోహెన్రీలతో భాగించి 5 మైక్రోసెకన్లతో గుణిస్తే 0.89 ఆంపియర్. షీట్‌లో రెండో వరుస కరెంట్ అదే చూపించాలి. 0.1 మిల్లీసెకను దగ్గర 16.5 ఆంపియర్లు, 0.7 మిల్లీసెకను దగ్గర గరిష్ఠంగా 58. అప్పుడు బలం 19 న్యూటన్లు, కడ్డీ సొంత బరువుకి మూడొందల యాభై రెట్లు. 1.1 మిల్లీసెకను దగ్గర కెపాసిటర్ ఖాళీ, కానీ కాయిల్‌లో ఇంకా 42 ఆంపియర్లు తిరుగుతూ ఉంటాయి, అంటే మొదటి 1.25 జౌళ్లలో దాదాపు 0.25 ఇంకా అయస్కాంత క్షేత్రంలోనే ఉంది. అది డయోడ్ గుండా తిరిగి తిరిగి రాగిని వేడి చేసుకుంటూ చల్లారుతుంది, ఆ క్రమంలో కడ్డీని కూడా కాస్త లాగుతుంది.

కరెంట్ సూత్రంలో ఆ మూడో పదం, కరెంట్ × వాలు × వేగం, చాలామంది వదిలేస్తారు. అది వదిలేస్తే కడ్డీకి వచ్చిన శక్తి ఎవరి జేబులోంచి పోయిందో లెక్కలో ఉండదు. కడ్డీ కదులుతుంటే కాయిల్‌లో ఎదురు వోల్టేజ్ పుడుతుంది, ఆ ఎదురు వోల్టేజ్ మీద కరెంటుని తోయడమే కడ్డీకి శక్తి ఇవ్వడం. అందులో కూడా సగమే కడ్డీకి, మిగతా సగం పెరిగిన ఇండక్టెన్స్‌లో క్షేత్రశక్తిగా జమ అవుతుంది. బలం సూత్రంలో సగం ఎందుకుందో ఎదురు వోల్టేజ్‌లో ఎందుకు లేదో తమ్ముడికి అర్థంకానిది ఇదే. ఒకటి కడ్డీ వాటా, ఒకటి మొత్తం ఖర్చు.

జమాఖర్చు కుదరాలి

షీట్ చివర్లో ఒక కాలమ్ అదనంగా పెట్టండి. ఆ క్షణానికి కెపాసిటర్‌లో మిగిలింది, కాయిల్ క్షేత్రంలో ఉన్నది, నిరోధంలో వేడైంది, డయోడ్ తిన్నది, కడ్డీ గతిజశక్తి, ఈ ఐదూ కూడాలి. ప్రతి వరుసలోనూ మొత్తం 1.25 రావాలి. కొట్టు కట్టేసే ముందు గల్లాపెట్టె లెక్క చూసుకున్నట్టే. ఒక శాతం లోపు తేడా ఉంటే కాలవ్యవధి వల్ల, దాన్ని సగం చేసి చూడండి, తేడా కూడా సుమారుగా సగం అవుతుంది. ఎంత చిన్న వ్యవధి పెట్టినా తేడా తగ్గట్లేదంటే సూత్రంలోనే ఏదో జారిపోయింది. ఈ కాలమ్ లేని మోడల్‌ని నేను నమ్మను, అంకె ఎంత అందంగా వచ్చినా సరే.

మాకు చివరి పద్దు ఇలా వచ్చింది. నిరోధంలో వేడి 1.20 జౌళ్లు. డయోడ్ 0.025. కడ్డీ 0.025. కడ్డీ వేగం సెకనుకు 3.0 మీటర్లు, సామర్థ్యం 2 శాతం. తమ్ముడు స్క్రీన్ వంక చూసి, "ఇంతేనా అన్నా?" అన్నాడు.

ఇంతే ఎందుకో తెలియాలంటే ఒక చిన్న ఉపాయం ఉంది, నాకు ఈ విషయంలో అన్నిటికన్నా పనికొచ్చింది అదే. వాలుని వేగంతో గుణిస్తే వచ్చేది ఓమ్‌లలో ఉంటుంది. అవును, నిరోధమే. కడ్డీ పరుగెత్తుతున్నప్పుడు సర్క్యూట్‌కి అది ఒక నిరోధంలా కనిపిస్తుంది. సెకనుకు 3 మీటర్ల దగ్గర 0.0115 × 3 అంటే 0.035 ఓమ్, అందులో కడ్డీ వాటా సగం, 0.017. దాని పక్కనే రాగి 0.4 ఓమ్‌తో కూర్చుని ఉంది. ఒకే కరెంటు రెండింటి గుండానూ పోతోంది కాబట్టి శక్తి కూడా అదే నిష్పత్తిలో పంచుకుంటారు. చివర్లో 4 శాతం, మొదట్లో సున్నా, సగటున 2 శాతం. మోడల్ చెప్పిన సామర్థ్యం కాగితం మీద రెండు గుణకారాలతో వచ్చేసింది.

ఇంకో అడుగు వేస్తే, ఇలాంటి నెమ్మది లాంచర్లకి షీట్ లేకుండానే అంచనా వేయొచ్చు. దాదాపు శక్తంతా నిరోధంలోనే పోతోంది కాబట్టి,

వేగం ≈ వాలు × నిలవ శక్తి ÷ (2 × ద్రవ్యరాశి × నిరోధం)

మా అంకెలు పెడితే 3.2 మీటర్లు. షీట్ చెప్పిన 3.0 కి దగ్గరే. కడ్డీ ఎక్కువ దూరం కదిలిపోయే సందర్భంలో ఇది పనికిరాదు, వాలు మారిపోతుంది కదా.

ఇక్కడ ఒక విషయం చూడండి. కాయిల్‌లో చుట్లు పెంచితే వేగం పెరుగుతుందని అందరూ అనుకుంటారు. అదే జాగాలో సన్న తీగతో చుట్లు రెట్టింపు చేస్తే వాలు నాలుగు రెట్లు అవుతుంది, కాయిల్ నిరోధం కూడా నాలుగు రెట్లు అవుతుంది. భాగిస్తే పాత నిష్పత్తే. చుట్లు మార్చేది వేగాన్ని కాదు, కరెంటు ఎంతసేపు పారుతుందో ఆ సమయాన్ని. వైర్ల నిరోధం, కెపాసిటర్ లోపలి నిరోధం మాత్రం మారవు కాబట్టి ఎక్కువ చుట్లకి కొంచెం మేలు ఉంటుంది. నిజంగా నిష్పత్తి మార్చాలంటే గొట్టం గోడ పల్చగా ఉండాలి, కడ్డీకీ రాగికీ మధ్య ఖాళీ తగ్గాలి. మా గొట్టం గోడే మిల్లీమీటర్ ఉంది, దాన్ని మార్చడమే అన్నిటికన్నా చవకైన మెరుగుదల.

ఇనుము నిండిపోతుంది

3.0 ఇంకా నిజం కాదు. ఇనుము ఎంతైనా అయస్కాంతం అవుతుంది అనుకుని కట్టిన లెక్క అది. ఇనుములో సుమారు 2 టెస్లాల తర్వాత కరెంటు పెంచినా అయస్కాంతత్వం పెద్దగా పెరగదు, సంతృప్తం అంటాం. మా కాయిల్ కొలతలకి అది సుమారు 27 ఆంపియర్ల దగ్గర మొదలవుతుందని లెక్క తేలింది. మన కరెంటు 58 దాకా పోతోంది! ఎల్‌సీఆర్ మీటర్ మిల్లీఆంపియర్లతో కొలుస్తుంది కాబట్టి అది ఈ సంగతి ఎప్పటికీ చెప్పదు.

మోడల్‌లో దీన్ని ఇలా పెట్టాం. 27 ఆంపియర్ల దాకా పాత సూత్రమే. దాటాక కరెంట్ వర్గం బదులు (2 × 27 × కరెంట్ − 27 వర్గం) వాడాలి. అంటే బలం వర్గంలో పెరగడం ఆగి సరళరేఖలో పెరుగుతుంది. కానీ బలం ఒక్కటి మారిస్తే చాలదు. 27 దాటాక కరెంటు పెరుగుదలకి అడ్డుపడే ఇండక్టెన్స్ ఖాళీ కాయిల్‌ది, 170 మాత్రమే. ఎదురు వోల్టేజ్‌లో కూడా కరెంట్ బదులు 27 పెట్టాలి. క్షేత్రశక్తిలోనూ ఇనుము తాలూకు భాగం 27 దగ్గరే ఆగిపోతుంది. మేము మొదట బలం ఒక్కటే మార్చాం, జమాఖర్చు కాలమ్ వెంటనే పట్టించేసింది, మొత్తం 1.25 దగ్గర నిలవకుండా జారిపోయింది. మిగతావి కూడా మార్చాక కుదిరింది.

ఇప్పుడు గరిష్ఠ కరెంట్ 58 కాదు, 66. ఇనుము నిండిపోయాక అడ్డు తగ్గింది కాబట్టి కరెంటు ఇంకా పైకి లేచింది. అయినా గరిష్ఠ బలం 16 న్యూటన్లే. వేగం సెకనుకు 2.4 మీటర్లు, సామర్థ్యం 1.3 శాతం. ఒకవేళ వోల్టేజ్ రెట్టింపు చేస్తే పాత మోడల్ ప్రకారం శక్తి నాలుగు రెట్లు, వేగమూ నాలుగు రెట్లు కావాలి. సంతృప్తం కలిపిన మోడల్‌లో అంత రాదు. కేవలం వోల్టేజ్ పెంచుకుంటూ పోవడం ఎందుకు వృథా అనేది ఈ ఒక్క పోలికలో కనబడుతుంది.

నేల మీద కొలత

వేగం కొలవడానికి ఐఆర్ సెన్సర్లు రెండు, ఆర్డ్యునో (ప్రోగ్రామ్ చేసుకునే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) ఒకటి ఉంటే చాలు అంటారు, నిజమే. మా దగ్గర అప్పుడు అవి లేవు. గొట్టాన్ని బల్ల అంచున అడ్డంగా, మట్టం చూసి బిగించాం. బల్ల మీద గొట్టం ఎత్తు నేల నుంచి 75 సెంటీమీటర్లు. ఆ ఎత్తు నుంచి పడే దేనికైనా 0.39 సెకను పడుతుంది, ముందుకెంత వేగంతో వెళ్తున్నా సరే. కాబట్టి కడ్డీ ఎంత దూరంలో పడిందో కొలిచి 0.39 తో భాగిస్తే వేగం. నేల మీద తెల్ల కాగితం, పైన కార్బన్ పేపర్, నల్ల వైపు కిందికి. కడ్డీ పడ్డచోట చిన్న నల్లటి గాటు పడుతుంది. కడ్డీ దొర్లిపోయినా ఆ గాటు ఉండిపోతుంది. అంచు నుంచి దారానికి ఒక బోల్టు కట్టి వేలాడదీస్తే సరిగ్గా గొట్టం కొస కింద నేల మీద ఏ బిందువో తెలుస్తుంది, కొలత అక్కడ్నుంచి మొదలు.

పది సార్లు వదిలాం. ప్రతిసారీ వోల్టేజ్ మీటర్‌లో 50.0 వచ్చాకే, ప్రతిసారీ పుల్లతో కడ్డీని అదే 15 మిల్లీమీటర్ల గుర్తు దగ్గరికి తోశాకే. గాట్లన్నీ అరచేతి వెడల్పులో పడ్డాయి, సగటు 86 సెంటీమీటర్లు. అంటే సెకనుకు 2.2 మీటర్లు. మొదటి మోడల్ ప్రకారం 117 దగ్గర పడాలి, రెండోదాని ప్రకారం 93. తమ్ముడి మొదటి పేజీ ప్రకారమైతే ఎనిమిది మీటర్లు దాటి, అంటే మా వంటింటి గోడకి తగలాలి. వాడు టేపు పట్టుకుని వంగి ఆ 86 ని రెండుసార్లు చదివి, పెన్నుతో గాటు పక్కన రాసి, ఆ కాగితాన్నే రిపోర్టులో అతికించాడు.

2.4 కీ 2.2 కీ మధ్య తేడాలో ఎక్కువ భాగం ఎడ్డీ కరెంట్లదేనని నా అభిప్రాయం. గొట్టం ఘర్షణ చాలా చిన్నది, లెక్కకడితే ఒక మిల్లీజౌల్‌లో మూడో వంతు కూడా రాదు. గాలి నిరోధం ఈ వేగంలో లెక్కలోకే రాదు. ఎడ్డీ కరెంట్లు తగ్గించాలంటే కడ్డీకి పొడవునా సన్నటి గాడి కోయించాలి, లేదా సన్న ఇనుప తీగలు కట్టగా కట్టి వార్నిష్ పూసి వాడాలి. ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌ని రేకులు రేకులుగా పేర్చేది కూడా ఇందుకే. తీగల కట్ట పెడితే ఇనుము మొత్తం కొంచెం తగ్గుతుంది, వాలు మళ్లీ కొలుచుకోవాలి.

ఇదే ఉపాయంతో పెద్ద యంత్రాలు

ఆ "వాలు × వేగం" నిరోధం చిన్న కాయిల్‌తో ఆగిపోయేది కాదు. రైల్‌గన్‌లో కాయిల్ ఉండదు, రెండు పట్టాలు, మధ్యలో జారే లోహపు ముక్క. దాని వాలు మీటర్‌కి అర మైక్రోహెన్రీ లాంటిది, మన కాయిల్ కన్నా ఇరవై వేల రెట్లు తక్కువ. అందుకే అక్కడ లక్షలు, పది లక్షల ఆంపియర్లు కావాలి. సెకనుకు 2000 మీటర్ల దగ్గర కూడా దాని వేగ నిరోధం ఒక మిల్లీఓమ్. కాబట్టి పట్టాలు, కేబుళ్లు, స్విచ్‌లు అన్నీ కలిపి అంతకన్నా తక్కువలో ఉండాలి. అమెరికా నౌకాదళం 2010 డిసెంబర్‌లో వర్జీనియాలోని డాల్‌గ్రెన్‌లో 33 మెగాజౌళ్ల ప్రయోగం చేసింది, 2021 లో ఆ పనికి డబ్బు ఆపేసింది. విమానవాహక నౌక జెరాల్డ్ ఫోర్డ్ మీద విమానాల్ని తోసే విద్యుదయస్కాంత యంత్రం మాత్రం పనిచేస్తూనే ఉంది. అది సుమారు 90 మీటర్ల పొడవున సాగే లీనియర్ ఇండక్షన్ మోటార్ (గుండ్రంగా తిరగకుండా నేరుగా తోసే మోటార్), కడ్డీ గుంజుడు కాదు. తోసే బలాన్ని ఒక్కచోట కాకుండా పొడవునా పంచి ఇస్తారు, వేగం పెరిగేకొద్దీ వాహనం వాటా పెరుగుతుంది.

మన షీట్‌లో కూడా ఇది చూడొచ్చు. మొదటి వరుసలో వేగం సున్నా బదులు సెకనుకు 2.4 మీటర్లు పెట్టండి, అంటే మొదటి కాయిల్ దాటి రెండో కాయిల్‌లోకి వస్తున్నట్టు. అదే 1.25 జౌళ్లకి ఈసారి కడ్డీకి అదనంగా వచ్చే శక్తి మొదటిసారి వచ్చినదానికి దాదాపు మూడు రెట్లు ఉంటుంది. పరుగెత్తుతున్న కడ్డీకి వేగ నిరోధం మొదటి క్షణం నుంచే ఉంది కదా. ఎక్కువ కాయిల్‌లు వరుసగా పెట్టేది అందుకే.

అయితే రాగి తినేసిన శక్తి అన్నిసార్లూ వృథా కాలేదు. నార్వేలో క్రిస్టియాన్ బిర్కెలాండ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1901 లో కాయిల్ తుపాకికి పేటెంట్ తీసుకుని, 1903 లో పెద్దమనుషుల ముందు దాన్ని చూపించబోతే షార్ట్ సర్క్యూట్ అయి పెద్ద విద్యుత్ ఆర్క్ లేచింది. తుపాకి పని అక్కడితో పోయింది. కానీ అంత వేడి ఆర్క్‌లో గాలిలోని నైట్రోజన్‌ని ఎరువుగా మార్చొచ్చని సామ్ ఎయిడె అనే ఇంజినీర్‌తో కలిసి పని మొదలుపెట్టాడు, 1905 లో నార్స్క్ హైడ్రో కంపెనీ పుట్టింది. ఆ కథ చెప్పినప్పుడు తమ్ముడు మా పద్దులో 1.20 అంకె మీద వేలు పెట్టి, "ఇది ఎంత వేడెక్కిస్తుంది అన్నా కాయిల్‌ని?" అని అడిగాడు. మంచి ప్రశ్న. తీగ 8.25 మీటర్లు, రాగి సుమారు 37 గ్రాములు, మొత్తం వేడి కాయిల్‌లోకే పోయిందనుకున్నా ఒక్కసారికి డిగ్రీలో పదో వంతు కూడా పెరగదు. వెంట వెంటనే వంద సార్లు వదిలితే మాత్రం ఎనిమిది డిగ్రీలు, అప్పుడు నిరోధం మూడు శాతం పెరుగుతుంది, వేగం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. ఇప్పుడు వాడు షీట్‌లో ఉష్ణోగ్రతకి ఇంకో కాలమ్ పెట్టే పనిలో ఉన్నాడు. గొట్టం కూడా మార్చాడు, గోడ అర మిల్లీమీటర్‌ది దొరికింది, కాయిల్ కొత్తగా చుట్టి వాలు మళ్లీ కొలుస్తున్నాడు.